మోచేతిని జూలూలో ఏమంటారు? దక్షిణాఫ్రికాలో సాటి ఆఫ్రికన్ల మీదే ఈ దాడులు ఎందుకు?

పాలపిట్ట | 2025 నవంబరు 8, రాత్రి 9:40

నిన్న చూసిన వీడియో ఒకటి మనసులోంచి పోవడం లేదు. జోహానెస్‌బర్గ్‌లో ఒక ప్రభుత్వ క్లినిక్ గేటు. ముందు నాలుగైదుగురు నిలబడి వచ్చేవాళ్లను ఆపి గుర్తింపు కార్డు అడుగుతున్నారు. వాళ్లు పోలీసులు కాదు, ఆసుపత్రి సిబ్బందీ కాదు. చంకలో బిడ్డతో వచ్చిన ఒకామె కార్డు లేక వెనక్కి తిరిగిపోయింది. అడిగినవాళ్లూ నల్లవాళ్లే, తిరిగిపోయినామే నల్లామే.

ఆ గుంపు పేరు ఆపరేషన్ దుదూలా అట. 2021లో జోహానెస్‌బర్గ్ పక్కనున్న సొవెటో బస్తీలో మొదలైందట. దుదూలా అంటే జూలూలో నెట్టెయ్యడం, తరిమెయ్యడం. ఒకప్పుడు నల్లవాళ్లు పాస్ పుస్తకం చూపిస్తే తప్ప పట్నంలో అడుగుపెట్టనివ్వని దేశం అది. ఆ పుస్తకాన్ని తిట్టుకుంటూ డొంపాస్ అనేవాళ్లని చదివాను. వాళ్ల పిల్లలు ఇవాళ గేటు దగ్గర నిలబడి కార్డు అడగడం ఏమిటి? పేదరికం అంటారు సరే, పేదరికం మనకు మాత్రం లేదా? జోబర్గ్‌లో ఉండే సభ్యులు ఒకరిద్దరు ఇక్కడ ఉండాలి, చెప్పండి.

కుండబద్దలు | నవంబరు 8, రాత్రి 10:05

కార్డు అడిగితే తప్పేంటండీ? పన్ను కట్టేది ఒకడు, మందులు తీసుకునేది ఇంకొకడు. మన ఇంట్లో దూరితే మనం మాత్రం ఊరుకుంటామా? ప్రతిదానికీ జాత్యహంకారం అనే ముద్ర వెయ్యకండి. చంపడం తప్పే, ఒప్పుకుంటాను.

బొగ్గుబాయి బిడ్డ | నవంబరు 8, రాత్రి 11:52

పాలపిట్ట గారూ, నేను 2014 నుంచి ఇక్కడనే ఉన్న. మాది గోదావరిఖని, మా నాయిన సింగరేణి కార్మికుడు. నేను గనుల మిషన్లు రిపేర్ చేసే కంపెనీల పనిచేస్త.

ముందుగాల ఒక్క మాట. కార్డు అడిగే అధికారం వాళ్లకు లేదని జోహానెస్‌బర్గ్ హైకోర్టు ఈ వారమే చెప్పింది. క్లినిక్కుల కాడ, బడుల కాడ జనాన్ని ఆపొద్దు అన్నది. ఇక్కడి రాజ్యాంగం 27వ సెక్షన్‌ల వైద్యం "ప్రతి ఒక్కరికీ" అని ఉన్నది, "ప్రతి పౌరునికీ" అని కాదు. కుండబద్దలు అన్నా, వ్యాట్ ఇక్కడ 15 శాతం. కార్డు లేని జింబాబ్వే ఆమె సబ్బుబిళ్ల కొన్నా కడుతది.

ఇప్పుడు మోచేయి సంగతి. 2008 మేల విదేశీయుల మీద దాడులు అలెగ్జాండ్రా అనే బస్తీల మొదలయ్యి దేశమంత పాకినయి. 62 మంది చనిపోయిండ్రు, లక్షకు పైన జనం ఇండ్లు వదిలి పోలీస్ స్టేషన్లల్ల, చర్చిలల్ల, టెంట్లల్ల పడ్డరు. రామఫోసా అనే గుడిసెల పేటల ఒక మొజాంబిక్ మనిషిని తగలబెట్టిన ఫోటో పేపర్లల్ల మీరు చూసే ఉంటరు. ఆ 62 మందిల 21 మంది దక్షిణాఫ్రికా పౌరులే. ఎట్ల అంటే, గుంపు వచ్చి మోచెయ్యి చూపించి "దీన్ని ఏమంటరు" అని అడిగేది. జూలూల "ఇందొలొల్వానె" అనాలె. నోరు తిరగకపోతే విదేశీ కింద లెక్క. మా వర్క్‌షాప్ వాచ్‌మన్ లింపోపో దిక్కు వెండా తెగ మనిషి, పుట్టింది ఇక్కడనే. రంగు కొంచెం ఎక్కువ నలుపు, జూలూ సక్కగ రాదు. ఆ నెలంత పనికి రాలేదట. ఇప్పటికీ ఆ మాట నేర్చుకోలే, కోపమొస్తదట.

పాలపిట్ట | నవంబరు 9, ఉదయం 6:30

అంటే కార్డు ఉన్నా నాలుక తిరగకపోతే చచ్చినట్టే! కుండబద్దలు గారూ, దీనికేమంటారు?

కుండబద్దలు | నవంబరు 9, ఉదయం 8:15

అది ఘోరం, కాదనను. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. ఇంతమంది వచ్చి పడితే స్థానికులకు ఉద్యోగాలెక్కడివి?

లెక్కల చిట్టా | నవంబరు 9, ఉదయం 10:20

ఎంతమంది వచ్చారో చూద్దాం. 2022 జనగణనలో ఆ దేశ జనాభా 6 కోట్ల 20 లక్షలు. బయటి దేశాల్లో పుట్టినవాళ్లు 24 లక్షలు. నూటికి నలుగురు కూడా లేరు. జనగణన చాలామందిని వదిలేసిందని అక్కడే విమర్శ ఉంది, కాబట్టి రెట్టింపు వేసుకోండి, ఎనిమిది మంది. అయినా మిగతా 92 మంది ఇబ్బందికి ఈ ఎనిమిది మందే కారణమంటే లెక్క కుదరదు.

ఇబ్బంది మాత్రం నిజం. నిరుద్యోగం 32 శాతం చుట్టూ తిరుగుతోంది. 15 నుంచి 24 ఏళ్ల మధ్య వాళ్లలో అయితే పని వెతుక్కునేవాళ్లలో సగానికి మించి ఖాళీ. అసమానత కొలిచే గినీ సూచిక ప్రపంచ బ్యాంకు లెక్కలో 0.63, ప్రపంచంలోనే అతి ఎక్కువల్లో ఒకటి. 1994లో ఓటు వచ్చింది కానీ భూమి, గనులు, బ్యాంకులు పెద్దగా చేతులు మారలేదు. శాండ్‌టన్ అద్దాల మేడలకూ అలెగ్జాండ్రా రేకుల ఇళ్లకూ మధ్య ఒక హైవే మాత్రమే అడ్డం, గూగుల్ మ్యాపులో పై నుంచి చూడండి.

కాబట్టి కోపం రావడం నాకు అర్థమవుతుంది. ఆ కోపం హైవే దాటి శాండ్‌టన్ వైపు ఎందుకు పోదు, పక్క వీధిలో సోమాలీ వాడి కొట్టు మీదికే ఎందుకు పోతుంది అన్నదే అర్థం కాదు.

కుండబద్దలు | నవంబరు 9, ఉదయం 10:41

శాండ్‌టన్‌లో గేటు దగ్గర తుపాకీతో సెక్యూరిటీ ఉంటాడు గనక. సోమాలీ వాడి కొట్టుకు రేకు తలుపే గనక. దీనికి గినీ సూచిక అక్కర్లేదు.

లెక్కల చిట్టా | నవంబరు 9, ఉదయం 10:44

ఈసారి మీరు చెప్పింది నిజం.

బొగ్గుబాయి బిడ్డ | నవంబరు 9, సాయంత్రం 5:10

సగం నిజం. మిగతా సగం ఈ గనుల చరిత్రల ఉన్నది, కొంచెం ఓపికతో చదవుండ్రి.

1886ల ఇక్కడ బంగారం దొరికింది. రాయి ఎక్కువ, బంగారం తక్కువ, మస్తు లోతు. చవుక కూలీ లేకుంటే గిట్టదు. గని యజమానులంత కలిసి కూలీల సంఘం ఒకటి పెట్టి మొజాంబిక్, మలావీ, లెసోతో దాకా పోయి మనుషులను పట్టుకొచ్చేది. ఆ సంఘాన్ని ఊర్లల్ల "వెనెలా" అనేటోళ్లు. 1970ల మొదట్ల బంగారు గనులల్ల పనిచేసే నల్లకార్మికులల్ల నూటికి 70 మందికి పైనే బయటి దేశాలోళ్లు. పెండ్లాం పిల్లలను తేనీయరు, మగోళ్లను హాస్టళ్లల్ల ఉంచుతరు. తెగ తెగకు వేరే గది, వేరే వంట. కాంట్రాక్ట్ అయిపోతే ఇంటికి తోలుతరు. ఊపిరితిత్తులల్ల రాతి దుమ్ము నింపుకొని పోయినోళ్లు ఎందరో. ఆ సిలికోసిస్ కేసుల 2018ల గని కంపెనీలు 500 కోట్ల రాండ్లకు ఒప్పుకున్నయి.

అంటే ఈ జోహానెస్‌బర్గ్‌ను కట్టిందే వలసకూలీ. మొజాంబిక్ తాత తొవ్విన బంగారం మీద నిలబడి, మనవణ్ని "ఎందుకొచ్చినవ్" అంటున్నరు. సొంత దేశం నల్లోళ్లను గూడ తెల్లోళ్లు అట్లనే చూసిండ్రు. ఒక మూలకు జాగ చూపెట్టి నీ దేశం అది, పట్నంల నువ్వు కూలికొచ్చిన పరదేశివి అన్నరు. పట్నం అంటే కాగితం ఉన్నోనిదే అని వంద ఏండ్లు నేర్పిండ్రు, ఇప్పుడు అదే పాఠం వీళ్లు అప్పజెప్తున్నరు.

మొన్న జనవరిల స్టిల్‌ఫాంటైన్ కాడ జరిగింది చూసిండ్రా? మూతపడ్డ గనిల దొంగతనంగ బంగారం తవ్వేటోళ్లను ఇక్కడ జమా జమా అంటరు. ఎక్కువ మంది మొజాంబిక్, జింబాబ్వే, లెసోతో వాళ్లు. పోలీసులు పైకి రప్పిస్తమని తిండి, నీళ్లు పోకుండ నెలల తరబడి ఆపిండ్రు. పొగబెట్టి బయటికి రప్పిస్తం అని ఒక మంత్రి టీవీల అన్నది. ఆఖరికి కోర్టు చెప్తే పంజరం దించిండ్రు. 246 మంది బతికి వచ్చిండ్రు, 78 శవాలు వచ్చినయ్. గనిల మనుషులు చిక్కుకుంటే మా ఖనిల ఊరు ఊరంత బాయి కాడికి ఉరుకుతది. ఇక్కడ రేడియోల జనం ఫోన్ చేసి మంచిగైంది అన్నరు. ఆ రోజు నాకు అన్నం సయించలే.

సత్తెనపల్లి మాస్టారు | నవంబరు 9, రాత్రి 8:30

రాతి దుమ్ము మాట చదివాక నాక్కూడా ఒక పాత సంగతి రాయాలనిపించింది. 1979 నుంచి 84 దాకా నేను నైజీరియాలో సొకోటో రాష్ట్రంలో సెకండరీ స్కూల్లో లెక్కలు చెప్పాను. అప్పట్లో మన గుంటూరు, కృష్ణా జిల్లాల నుంచి చాలామంది మాస్టర్లం వెళ్లాం. చమురు డబ్బు పొంగుతున్న రోజులు. ఒక నైరా ఇస్తే డాలరు పైన చిల్లర వచ్చేది. మా స్కూలు ఎదుట చెట్టు కింద ఘానా దర్జీ ఒకతను మిషను పెట్టుకుని ఉండేవాడు. అతని దగ్గర తప్ప నాకు ప్యాంటు కుదిరేది కాదు.

చమురు ధర పడిపోయింది. 83లో ఎన్నికలు రానున్నాయి. ఆ జనవరిలో ప్రెసిడెంటు షెహూ షగారీ ప్రభుత్వం, కాగితాలు లేని విదేశీయులు రెండు వారాల్లో దేశం వదిలిపోవాలంది. ఇరవై లక్షల మంది అన్నారు, అందులో సగం ఘానా వాళ్లు. మేము ప్రభుత్వ ఉద్యోగులం గనక మా జోలికి రాలేదు. దర్జీ మిషను అగ్గువకు అమ్మేశాడు. నా ప్యాంటు గుడ్డ అప్పటికే కత్తిరించాడు, ముక్కలు కాగితంలో చుట్టి తెచ్చి ఇచ్చి, కొలతలు దాని మీదే రాశాను మాస్టారూ ఇంకెవరిచేతైనా కుట్టించుకోండి అన్నాడు. వాళ్లు లారీలెక్కి పోతే దారిలో సరిహద్దులు మూసి ఉన్నాయి. బెనిన్‌లో రోజుల తరబడి రోడ్ల మీద పడి ఉన్నారని రేడియోలో విన్నాం. వాళ్లు సామాన్లు కుక్కుకున్న గళ్ల ప్లాస్టిక్ సంచికి అక్కడ ఇప్పటికీ "ఘానా మస్ట్ గో" అనే పేరు. మన సంతల్లోనూ అదే సంచి అమ్ముతారు.

ఇందులో తమాషా ఏమిటంటే, మా ప్రిన్సిపాలు చాలా మంచివాడు, ఆయన కూడా "69లో వాళ్లు మమ్మల్ని తరమలేదా" అన్నాడు. నిజమే. 1969లో ఘానాలో బుసియా ప్రభుత్వం ఇలాంటి ఆజ్ఞే ఇస్తే నైజీరియా వాళ్లు వేల మంది మూటలు కట్టారు. ఆ దర్జీకి 69లో పదేళ్లు కూడా ఉండి ఉండవు.

కాబట్టి పాలపిట్ట అమ్మా, ఇది దక్షిణాఫ్రికా ఒక్కదాని జబ్బు కాదు. నాకు తెలిసిన ఈ రెండు చోట్లా డబ్బు కరువైంది, పాలించేవాడికి ఒక సాకు కావలసి వచ్చింది.

పాలపిట్ట | నవంబరు 9, రాత్రి 8:52

మాస్టారూ, ఆ ప్యాంటు కుట్టించుకున్నారా?

సత్తెనపల్లి మాస్టారు | నవంబరు 9, రాత్రి 9:05

లేదమ్మా. ఆ ముక్కలు 84లో నాతోపాటు ఇంటికొచ్చాయి. మా ఆవిడ సంచులు కుట్టించింది.

టోలీచౌకి_97 | నవంబరు 9, రాత్రి 11:15

అందరూ ఆఫ్రికా గురించి మాట్లాడుతున్నారు, నేను మన గల్లీ గురించి చెప్తా. మా ఏరియాలో ఆఫ్రికా స్టూడెంట్స్ చాలామందే ఉంటారు. సూడాన్, సోమాలియా, కాంగో, టాంజానియా, ఎక్కడివాడైనా మనకు "నైజీరియన్"! టీవీలో "నైజీరియన్ గ్యాంగ్" అని స్క్రోలింగ్ వచ్చిందంటే మరుసటి రోజే ఓనర్ ఇల్లు ఖాళీ చెయ్యమంటాడు. పక్క ఫ్లాట్ కుర్రాడు ఫార్మసీ చదువుతున్నాడు, సూడాన్ వాడు, సిగరెట్ కూడా తాగడు. వాడికి నేను షూరిటీ ఇచ్చాక గానీ ఇల్లు దొరకలేదు.

2016లో ఢిల్లీలో ఆటో దగ్గర గొడవలో కాంగో అతన్ని కొట్టి చంపారు. అదే ఏడు బెంగళూరులో టాంజానియా అమ్మాయి మీద గుంపు పడింది, ఆ అమ్మాయికి ఏ సంబంధమూ లేని యాక్సిడెంట్‌కి. 2017లో గ్రేటర్ నోయిడాలో మాల్‌లో కుర్చీలతో కొట్టారు. ఆఫ్రికా దేశాల రాయబారులందరూ కలిసి ఇది జాతివివక్షే అని ప్రకటన ఇస్తే మన ప్రభుత్వం ఒప్పుకోలేదు. 2008లో అప్పటి దక్షిణాఫ్రికా ప్రెసిడెంటు థాబో ఎంబెకీ కూడా సరిగ్గా ఇలాగే, ఇది విదేశీ ద్వేషం కాదు, నేరగాళ్ల పని అన్నాడు.

అదే 2017లో కాన్సాస్‌లో మన ఇంజినీరుని "నా దేశం వదిలిపో" అని కాల్చేస్తే మనమంతా ఏడ్చాం. మన హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అనే ఏరియా పేరు నిజాం కొలువులో పనిచేసిన ఆఫ్రికన్ అశ్విక దళం వల్ల వచ్చిందని ఎంతమందికి తెలుసు?

కుండబద్దలు | నవంబరు 10, ఉదయం 7:50

సరే, మన గల్లీ దాకా వచ్చారు గనక నేనూ అడుగుతా. మొన్న ఆగస్టులో తెలంగాణలో "మార్వాడీ గో బ్యాక్" అన్నారు, ఆమనగల్లులో షాపులు బంద్ చేశారు. అది కూడా దుదూలాయేనా?

వేదిక నిర్వాహకుడు | నవంబరు 10, ఉదయం 8:30

ఆ విషయం మీద వేరే చర్చ ఇప్పటికే 340 జవాబులతో నడుస్తోంది. దయచేసి అక్కడ కొట్టుకోండి. పోలిక వరకు అయితే ఇక్కడ రాయవచ్చు.

బొగ్గుబాయి బిడ్డ | నవంబరు 10, మధ్యాహ్నం 1:25

పోలిక వరకే చెప్త. కొట్టు కాడ మొదలు గావుడు రెండు తాన ఒక్కటే, తర్వాత జరిగింది ఒక్కటి గాదు.

ఇక్కడ బస్తీ కిరాణం కొట్టును స్పాజా అంటరు. ఒకప్పుడు స్థానికులవే. సోమాలీ, ఇథియోపియా, బంగ్లా, పాకిస్తాన్ వాళ్లు వచ్చి పది మంది కలిసి టోకున సరుకు తెస్తరు, పొద్దు పొడవక ముందు తెరిచి రాత్రి దాకా ఉంటరు, కొట్టులనే పంటరు. ఒక్క గుడ్డు గూడ అమ్ముతరు, రెండు చెంచాల నూనె గూడ అమ్ముతరు. స్థానికుని కొట్టు మూతపడుతది. అతని కడుపుమంట ఉత్తది కాదు. అయితే బస్తీల మధ్యన మాల్ కట్టిన పెద్ద సూపర్‌మార్కెట్లు గూడ అతన్ని ముంచినయి, వాళ్ల మీదికి ఎవ్వరు రాళ్లు పట్టుకొని పోలే. 2021 లూటీలప్పుడు పోయిండ్రు, అది వేరే.

నిరుడు అక్టోబర్ల సొవెటోల ఆరుగురు పిల్లలు చనిపోయిండ్రు. కొట్టుల కొన్న చిరుతిండి తిన్నరని విదేశీ కొట్ల మీద పడ్డరు. పరీక్షల తేలింది ఏందంటే టెర్బుఫాస్ అనే పురుగుమందు. మన పత్తి రైతులకు తెలిసిన ఫోరేట్ గుళికల జాతిదే. అది కొట్లకెట్లొచ్చింది? మున్సిపాలిటీ చెత్త ఎత్తదు, ఎలుకలు పెరిగినయి, జనం రోడ్డు మీద దొరికే ఆ మందు కొని చల్లుతున్నరు. ప్రెసిడెంటు రామఫోసా 21 రోజులల్ల కొట్లన్ని రిజిస్టర్ చేసుకోవాలె అన్నడు. చెత్త ఎత్తుడు మాత్రం ఇప్పటికీ అంతంతే.

నేటాల్ మనవరాలు | నవంబరు 10, సాయంత్రం 6:40

నమస్కారం. నేను డర్బన్. మా ముత్తాత వాళ్లు మద్రాసు నుంచి ఓడలో చెరుకు తోటకి వచ్చిన వాళ్లు. తెలుగు ఆంధ్ర మహాసభ క్లాసులో నేర్చుకున్నాను, తప్పులుంటే మన్నించాలి.

1949 జనవరిలో ఇక్కడ జూలూ వాళ్లు ఇండియన్ వాళ్ల మీద పడ్డారు. ఒక ఇండియన్ కొట్టు మనిషి ఒక ఆఫ్రికన్ పిల్లవాణ్ని కొట్టాడు, అక్కడ మొదలు. 142 మంది పోయారు. అందులో ఎక్కువ ఆఫ్రికన్లే, పోలీసు తుపాకులకి. మా అవ్వ చెప్పేది, తెల్ల వాళ్లు నిలబడి చూశారు, కొందరు నవ్వారు అని. బస్సులు, కొట్లు ఇండియన్ వాళ్లవి. జూలూ మనిషికి రోజూ ఎదురుగా కనపడేది మనమే. పైన ఉన్న వాడు కనపడడు.

2015లో మళ్లీ డర్బన్ లో, ఇసిపింగోలో మొదలు. దానికి ముందు మార్చిలో జూలూ రాజు జ్వెలితిని ఒక సభలో, విదేశీయులు సామాను సర్దుకుని వెళ్లాలి అన్నట్టు మాట్లాడారు. తర్వాత నా మాట తప్పుగా రాశారు అన్నారు. మానవ హక్కుల కమిషన్ అది ద్వేష ప్రసంగం కాదు, కానీ బాధ పెట్టే మాట అంది. పోయిన వాళ్లకి ఏ మాట అయితే ఏమిటి.

మన వైపు కూడా చెప్పాలి. 2021 జూలై లూటీల్లో డర్బన్ పక్కన ఇండియన్లు ఎక్కువ ఉండే ఫీనిక్స్ లో మన వాళ్లు రోడ్డుకి అడ్డం పెట్టి తుపాకులు పట్టుకున్నారు. 36 మంది పోయారు, చాలా వరకు నల్ల వాళ్లు. మా చుట్టాల్లో దీన్ని గురించి మాట్లాడితే భోజనం మధ్యలో లేచి పోతారు.

పాలపిట్ట | నవంబరు 10, రాత్రి 9:10

మీ తెలుగుకు ఏ తప్పూ లేదు. ఆ చివరి మాట రాయడానికి చాలా ధైర్యం కావాలి.

లెక్కల చిట్టా | నవంబరు 11, ఉదయం 9:00

నా ప్రశ్నకు జవాబు ఇక్కడే కొంత దొరికింది. జోహానెస్‌బర్గ్‌లోని విట్స్ యూనివర్సిటీలో వలసల మీద ఒక పరిశోధన కేంద్రం ఉంది. ఈ దాడులను ఏళ్ల తరబడి నమోదు చేస్తున్నారు. వాళ్లలో ఝాఁ పియెర్ మిసాగో అనే ఆయన వాదన ఏమిటంటే, పేదరికం, నిరుద్యోగం ఉన్న బస్తీలు వందలున్నాయి, దాడులు జరిగినవి కొన్నే. జరిగిన చోట ఎవరో స్థానిక పెద్దమనిషి, వీధి కమిటీ నాయకుడు, పోటీ కొట్టు యజమాని ముందుండి నడిపించాడు. వాళ్లకు దానివల్ల పదవో, కొట్టో, ఖాళీ అయిన గుడిసెలో దక్కింది. అరెస్టులు జరిగినా శిక్షలు పడింది తక్కువ.

దీనికి తిరగేసిన ఉదాహరణ ఖుట్సాంగ్. కార్లెటన్‌విల్ దగ్గర గని బస్తీ. తమను వేరే ప్రావిన్సులో కలిపారని ప్రభుత్వ భవనాలు తగలబెట్టిన కోపిష్ఠి ఊరు. 2008లో దేశమంతా మండుతుంటే అక్కడ విదేశీయుల మీద చెయ్యి పడలేదు. సరిహద్దుల పోరాటం నడిపిన నాయకులే వద్దన్నారు, గనిలో అన్ని దేశాలవాళ్లతో పనిచేసిన జనం విన్నారు. అదే పేదరికం, అదే ఏడాది.

కుండబద్దలు | నవంబరు 11, ఉదయం 9:35

అయితే నేను మొదటి రోజు అన్నదాంట్లో ఒకటి వెనక్కి తీసుకుంటా. కార్డు అడగాల్సింది సర్కారు, గుంపు కాదు. సరిహద్దు కాపలా ఉండాలని మాత్రం ఇప్పటికీ అంటాను. అక్కడి సర్కారు లంచాలు తిని కాగితాలు ఇవ్వడం, ఏళ్ల తరబడి శరణార్థి దరఖాస్తులు నాన్చడం కూడా ఈ మంటకు కట్టెలే.

బొగ్గుబాయి బిడ్డ | నవంబరు 11, రాత్రి 10:45

అది నేను గూడ ఒప్పుకుంట అన్నా. జింబాబ్వే వాళ్లకిచ్చిన ప్రత్యేక పర్మిట్లు ఒక లక్షా 78 వేల దాకా ఉన్నయి, ప్రతిసారి ఇదే ఆఖరు అంటరు, మళ్ల పొడిగిస్తరు. నా కింద పనిచేసే వెల్డర్ బిడ్డలు ఇక్కడనే పుట్టి ఇక్కడనే చదువుతున్నరు, ఇంట్ల సూట్‌కేసు సర్దే ఉంటది.

ఆఖరుకు ఒకటి చెప్పి పంట. మా వీధి మూలమీద ఇథియోపియా పిల్లగాని కొట్టు ఉన్నది. 2019ల గొడవలైనప్పుడు, నైజీరియా వాళ్లు విమానమెక్కి ఇంటికి పోతున్న వారంల, ఒక గుంపు ఇటు గూడ వచ్చింది. ఆ ఇంటి గోగో, అంటే అవ్వ, డెబ్బై ఏండ్లుంటయి, కొట్టు తలుపు ముందట కుర్చీ ఏసుకొని కూసున్నది. పేర్లు పెట్టి పిలిచి ఒక్కొక్కని తల్లిని యాది చేసుకుంట తిట్టిందట. వెనుకకు మళ్లి పోయిండ్రు.

పాలపిట్ట | నవంబరు 11, రాత్రి 10:58

ఆ అవ్వకు దండం! మానవత్వం ఇంకా ఉందన్నమాట.

బొగ్గుబాయి బిడ్డ | నవంబరు 11, రాత్రి 11:06

నేను గూడ గట్లనే అన్న ఆమెతోని. నవ్వింది. ఆ కొట్టు గది ఆమెదే, నెల నెల అద్దె వస్తది, ఆ అద్దెతోనే మనవరాలి ఫీజు కడుతది. "వాణ్ని తరిమితే అద్దె వీళ్లు ఇస్తరా" అన్నది.